పాల అలర్జీకి పాలతోనే ట్రీట్‌మెంట్: తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మా బాబుకి ఆవు పాల అలర్జీ ఉంది. ఐదేళ్ళు నిండాక ఓరల్ ఇమ్యునోథెరపీ మొదలుపెట్టాం, ఇప్పుడు మెయింటెనెన్స్‌లో, అంటే డోసు పెంచడం అయిపోయి అదే డోసు రోజూ కొనసాగించే దశలో ఉన్నాడు, రోజూ తన డోసు తాను తాగుతాడు. తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు, అందరూ ఫోన్ చేసి అవే ప్రశ్నలు అడుగుతుంటే అన్నీ ఒకచోట రాసిపెడదాం అనిపించింది. నేను డాక్టర్ని కాదండీ, తల్లిని. ఇందులో నంబర్లు కనిపిస్తాయి కానీ అవి చూసి ఇంట్లో కొలిచి ఇవ్వడానికి మాత్రం కాదు, దయచేసి.

అసలు ఈ ట్రీట్‌మెంట్‌లో ఏం చేస్తారు?

బిడ్డకి ఏ పాలు పడవో ఆ పాలనే, రియాక్షన్ రానంత తక్కువ మోతాదులో మొదలుపెట్టి, డాక్టర్ దగ్గర కూర్చోబెట్టి నెమ్మదిగా పెంచుకుంటూ పోతారు. రోజూ కొంచెం కొంచెం లోపలికి వెళ్తుంటే ఒంట్లో అలర్జీ కణాలు, అదే మాస్ట్ సెల్స్, బేసోఫిల్స్ అంటారు కదా, అవి మునుపటిలా ఒక్కసారిగా రెచ్చిపోవడం తగ్గుతుంది. మొదట్లో రక్తంలో ఐజీఈ, అంటే ఈ అలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ, పెరిగినట్టు కనిపిస్తుంది, అది చూసి నేను చాలా భయపడ్డాను, తర్వాత మెల్లగా తగ్గుతుంది, ఐజీజీ4 అనే ఇంకో రకం యాంటీబాడీ పెరుగుతుంది. ఆలోచన కొత్తదేం కాదు, 1908లోనే స్కోఫీల్డ్ అనే డాక్టరు గుడ్డు పడని ఒక కుర్రాడికి గుడ్డునే అతి కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేసినట్టు లాన్సెట్ పత్రికలో రాశారు.

మా పాపకి పాలు పడవు, తనకి ఇది పనికొస్తుందా?

"పాలు పడవు" అనే మాటలో మూడు వేరే వేరే జబ్బులు కలిసిపోయి ఉంటాయి, అవి విడదీయకుండా ముందుకి వెళ్ళకూడదు. ఒకటి, పాలు తాగిన నిమిషాల్లో, మహా అయితే రెండు గంటల్లోపు దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతి, దగ్గు, ఆయాసం వచ్చే రకం, ఇది ఐజీఈ వల్ల వచ్చే అలర్జీ, ఈ ట్రీట్‌మెంట్ దీనికే. రెండోది పేగులకి సంబంధించినది, పసిపిల్లల మోషన్‌లో రక్తం చారలు కనిపించడం, లేదా పాలు పట్టిన కొన్ని గంటలకి ఆగకుండా వాంతులై బిడ్డ వడలిపోవడం లాంటివి, ఇందులో ఐజీఈ పాత్ర ఉండదు, ఇమ్యునోథెరపీ దీనికోసం కాదు. మూడోది లాక్టోజ్ అరక్కపోవడం, అది అసలు అలర్జీయే కాదు, పాలలో చక్కెర జీర్ణం కాక గ్యాస్, విరేచనాలు అవుతాయంతే.

పెద్దయ్యాక అదే పోతుంది అంటారు, ఆగితే సరిపోదా?

చాలామందికి నిజంగానే పోతుంది, కాబట్టి బిడ్డ బాగా చిన్నదైతే డాక్టర్లు కూడా కొన్నాళ్ళు చూద్దాం అంటారు. కానీ అందరికీ మూడేళ్ళకే పోతుంది అన్న పాతమాట గట్టిగా నమ్మొద్దు. అమెరికాలో ఒక పెద్ద అలర్జీ క్లినిక్‌లో 800 మందికి పైగా పిల్లల రికార్డులు చూసి 2007లో లెక్క ఇచ్చారు: నాలుగేళ్ళకి 19 శాతం, ఎనిమిదేళ్ళకి 42, పన్నెండేళ్ళకి 64, పదహారేళ్ళకి 79 శాతం మందికి తగ్గింది. అది స్పెషలిస్టు క్లినిక్ కాబట్టి అక్కడికి వచ్చేవాళ్ళవి కాస్త మొండి కేసులే అయ్యుంటాయి, అయినా ఆ లెక్క చూశాకే నేను ఎదురుచూడటం మానేశాను. ఐజీఈ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకి, ముఖ్యంగా కేసిన్ అనే పాల ప్రోటీన్ మీద ఎక్కువగా ఉన్నవాళ్ళకి, తోడు ఆస్తమా ఉన్నవాళ్ళకి తొందరగా పోయే అవకాశం తక్కువ.

ఏ వయసులో మొదలుపెడతారు?

యూరప్ అలర్జీ అకాడమీ 2018లో ఇచ్చిన గైడ్‌లైన్‌లో, తగ్గకుండా ఉండిపోయిన పాల అలర్జీకి సుమారు నాలుగైదేళ్ళ వయసు నుంచి అని ఉంది. ఇంకా చిన్నపిల్లలకి చేసే చోట్లు ఉన్నాయి. నా అభిప్రాయం అడిగితే, "అమ్మా గొంతులో ఏదోలా ఉంది" అని బిడ్డ నోటితో చెప్పగలగడం చాలా పెద్ద రక్షణ.

ఎవరికి వద్దంటారు?

ఆస్తమా కంట్రోల్‌లో లేని పిల్లలకి ముందు అది సరిచేసుకుని రమ్మంటారు, ఇందులో మొహమాటపడే డాక్టరు మంచి డాక్టరు కాదు. 2017లో జపాన్‌లో ఈ ట్రీట్‌మెంట్‌లో ఉన్న ఒక బిడ్డకి చాలా తీవ్రమైన రియాక్షన్ వచ్చి ఊపిరి ఆగిపోయిన ఘటన బయటికొచ్చింది, కాబట్టి భయపెడుతున్నారు అనుకోకండి. అన్నవాహికలో ఇసినోఫిల్స్ అనే ఒక రకం తెల్ల రక్తకణాలు చేరే జబ్బు ఉన్నవాళ్ళకి కూడా వద్దంటారు. ఇంకొకటి, ఇది ఇంటి పరిస్థితికి సంబంధించిన విషయం: రోజూ డోసు ఇచ్చి తర్వాత గంటా రెండు గంటలు బిడ్డని కనిపెట్టుకుని ఉండే మనిషి ఇంట్లో లేకపోతే ఇప్పుడే మొదలుపెట్టకపోవడమే మంచిది, అందులో సిగ్గుపడాల్సిందేం లేదు.

ముందు ఏ టెస్టులు ఉంటాయి?

స్కిన్ ప్రిక్ టెస్టు, అంటే చర్మం మీద పాల ప్రోటీన్ చుక్క వేసి చిన్నగా గుచ్చి చూడటం, ఇంకా రక్తంలో పాల ఐజీఈ. అవి పాజిటివ్ వచ్చినంత మాత్రాన అలర్జీ ఉన్నట్టు కాదు, పాలు హాయిగా తాగే పిల్లలకి కూడా పాజిటివ్ రావచ్చు. అందుకే ఫుడ్ ఛాలెంజ్ చేస్తారు, అంటే ఆస్పత్రిలో అన్నీ సిద్ధం పెట్టుకుని కొంచెం కొంచెం పాలు ఇచ్చి ఎంత దగ్గర రియాక్షన్ వస్తుందో చూడటం. అలర్జీ ఎప్పుడో పోయిందని తెలిసే పిల్లలు కూడా ఉంటారు ఈ ఛాలెంజ్‌లో, వాళ్ళు నేరుగా ఇంటికెళ్ళి పాలు తాగొచ్చు.

డోసులు ఎలా పెంచుతారు?

ప్రతి సెంటర్‌కీ ఒక ప్రోటోకాల్ ఉంటుంది, పక్కింటి పిల్లాడి షెడ్యూల్ మన పిల్లాడికి సరిపోదు. ఒక అంచనా కోసం చెప్తాను: ఆవు పాలలో 100 ఎమ్మెల్‌కి ప్రోటీన్ సుమారు 3.3 గ్రాములు, అంటే ఒక ఎమ్మెల్‌లో 33 మిల్లీగ్రాములు. 2008లో అమెరికాలో 20 మంది పిల్లలతో చేసిన ట్రయల్‌లో మొదటి డోసు 0.4 మిల్లీగ్రాములు, అంటే ఒక ఎమ్మెల్‌లో దాదాపు 80వ వంతు, ఆ చుక్క కూడా కాని దానితో మొదలుపెట్టి నెలల తరబడి పెంచి 500 మిల్లీగ్రాముల దాకా, సుమారు 15 ఎమ్మెల్ దాకా తీసుకెళ్ళారు. ట్రీట్‌మెంట్‌కి ముందు సగటు పిల్లలకి 40 మిల్లీగ్రాములకే రియాక్షన్ వచ్చేది, తర్వాత అది 5,140 మిల్లీగ్రాములకి జరిగింది.

మామూలుగా అయితే మొదటి రోజు క్లినిక్‌లో చాలా గంటలు ఉంటారు, తర్వాత వారానికో రెండు వారాలకో ఒకసారి వెళ్తే అక్కడే డోసు పెంచి కాసేపు కూర్చోబెట్టి పంపుతారు, పెంచిన డోసుని మళ్ళీ వెళ్ళేదాకా ఇంట్లో రోజూ ఇవ్వాలి. ఇంట్లో పెంచడం ఉండదు, ఒక్క అర ఎమ్మెల్ కూడా. కొలవడానికి సిరంజి వాడండి, చెంచాలు ఒక్కోటి ఒక్కో సైజు ఉంటాయి.

అలాంటప్పుడు మేమే చుక్క చుక్క ఇచ్చుకోకూడదా?

వద్దండీ. చుక్క ఇవ్వడం కష్టమైన పని కాదు, ఆ చుక్కకి ఊపిరాడకపోతే ఇంట్లో ఏముంది అన్నదే ప్రశ్న. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం ఎవరు ఎంత బతిమాలినా నా జవాబు మారదు.

కేకులు, బిస్కెట్లలో ఉన్న పాలు పడతాయి, తాగే పాలు పడవు. ఎందుకలా?

పాల ప్రోటీన్‌లో సుమారు 80 శాతం కేసిన్, మిగతాది వే ప్రోటీన్, అంటే పాలు విరిగినప్పుడు మిగిలే నీళ్ళలో ఉండేది. వే ప్రోటీన్లు వేడికి ఆకారం మారిపోతాయి, కేసిన్ వేడిని తట్టుకుంటుంది. పైగా పిండితో కలిపి బేక్ చేసినప్పుడు ప్రోటీన్ ఆ పిండిలో చిక్కుకుపోయి అలర్జీ కణాలకి సరిగ్గా దొరకదు. పాల అలర్జీ ఉన్న పిల్లల్లో నాలుగింట మూడొంతుల మంది దాకా బాగా బేక్ అయిన పాలు తట్టుకుంటారు, వాళ్ళకి అలర్జీ తొందరగా పోయే అవకాశం కూడా ఎక్కువ. కేవలం పాలు మరగబెడితే ఇదంతా జరగదు, ఓవెన్‌లో 180 డిగ్రీల దగ్గర అరగంట పిండితో పాటు ఉడకడం వేరు, గిన్నెలో కాగడం వేరు.

మిల్క్ ల్యాడర్ అని వింటుంటారు కదా, బిస్కెట్‌తో మొదలై మఫిన్, పాన్‌కేక్, చీజ్, పెరుగు, చివరికి పాలు, అలా మెట్లు ఎక్కడం. ఎక్కువగా ప్రచారంలో ఉన్న ఐమ్యాప్ ల్యాడర్ ఐజీఈ లేని, తీవ్రత తక్కువగా ఉన్న పిల్లల కోసం రాసింది. నెట్‌లో ఆ బొమ్మ దొరికింది కదా అని అనాఫిలాక్సిస్, అంటే ప్రాణం మీదకి తెచ్చే తీవ్రమైన రియాక్షన్, వచ్చిన బిడ్డకి మొదలుపెట్టేయకండి. మీ డాక్టరు మీ బిడ్డకి ఏ మెట్టు నుంచి అని చెప్తే అప్పుడు.

నెల నుంచి అదే డోసు హాయిగా తాగుతున్నాడు, ఇవాళ ఒళ్ళంతా దద్దుర్లు. పాలు మారాయా?

మారింది పాలు కాదు, ఆ రోజు బిడ్డ ఒళ్ళు. ఈ పేజీ మొత్తంలో మీరు ఒక్క జవాబే చదువుతాను అంటే ఇదే చదవండి.

బిడ్డ తట్టుకునే హద్దు గోడకి కొట్టిన మేకులా ఒకేచోట ఉండదు, రోజురోజుకీ పైకీ కిందకీ జరుగుతుంటుంది. జ్వరం, జలుబు, కడుపులో ఇన్ఫెక్షన్ ఉంటే కిందికి దిగుతుంది. డోసు తాగి పరుగులు తీస్తే దిగుతుంది. నిద్ర చాలకపోతే, ఖాళీ కడుపుతో తాగితే, ఆస్తమా కొంచెం రేగి ఉంటే, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్ర వేసి ఉంటే, వేడినీళ్ళ స్నానం చేస్తే, పెద్ద ఆడపిల్లలైతే నెలసరి రోజుల్లో, వీటన్నిట్లో నిన్నటి డోసే ఇవాళ ఎక్కువైపోతుంది. పన్ను ఊడినప్పుడు, నోట్లో పుండ్లు ఉన్నప్పుడు కూడా క్లినిక్‌ని అడిగి ఇవ్వమంటారు, నోట్లో గాయం నుంచి ప్రోటీన్ నేరుగా లోపలికి పోతుందని.

మాకు జరిగింది చెప్తాను. 40 రోజులుగా ఒకే డోసు, దురద కూడా లేదు, ధైర్యం వచ్చేసింది. ఆ రోజు పొద్దున వాడు కాస్త డల్‌గా ఉన్నాడు, నిద్ర చాల్లేదేమో అనుకుని డోసు ఇచ్చేశాను. ఇరవై నిమిషాలకి మెడ మీద దద్దుర్లు, ఆ తర్వాత దగ్గు మొదలైంది, ఎమర్జెన్సీకని ఇంట్లో ఉంచుకున్న ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ ఇచ్చి ఆస్పత్రికి పరిగెత్తాం. అక్కడ టెంపరేచర్ చూస్తే 101. థర్మామీటర్ నా ఇంట్లోనే ఉంది, పెట్టి చూడలేదు. అప్పటినుంచి సిరంజి తియ్యకముందు థర్మామీటర్ తీస్తాం, రాత్రి ఎలా పడుకున్నాడు, ముక్కు కారుతోందా, ఏమైనా తిన్నాడా, ఇవి అడక్కుండా డోసు పొయ్యం. అందుకే డోసుకి ముందు ఏదో ఒకటి తినిపించండి, తర్వాత రెండు గంటలు ఆటలు, పరుగులు, ఈత వద్దు, వెంటనే పడుకోబెట్టొద్దు, నిద్రలో వచ్చే రియాక్షన్ ఎవరికీ కనపడదు.

డోసు మిస్ అయితే?

ఒక్కరోజు మిస్ అయితే చాలా క్లినిక్‌లు మర్నాడు అదే డోసు ఇమ్మంటాయి, రెండు రోజులవి కలిపి ఇవ్వడం మాత్రం ఎక్కడా లేదు. వరసగా కొన్ని రోజులు మిస్ అయితే ఫోన్ చెయ్యకుండా ఇవ్వకండి, డోసు తగ్గించి ఇవ్వాల్సి రావచ్చు, ఒక్కోసారి క్లినిక్‌లోనే ఇవ్వాలంటారు. ఎన్ని రోజులకి ఏం చెయ్యాలి అన్నది మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి. జ్వరం రాత్రి పదింటికే వస్తుంది, అప్పుడు ఎవరూ ఫోన్ ఎత్తరు.

రియాక్షన్ వస్తే ఏం చెయ్యాలి?

నోట్లో దురద, మూతి చుట్టూ నాలుగు దద్దుర్లు, కాస్త కడుపునొప్పి, ఇవి ఈ ట్రీట్‌మెంట్‌లో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, మీ ప్లాన్‌లో రాసిన మందు వేసి కనిపెట్టుకుని ఉండాలి. కానీ దగ్గు ఆగకపోయినా, గొంతు బొంగురుపోయినా, ఈల వేసినట్టు ఊపిరి వచ్చినా, బిడ్డ పాలిపోయి సోలిపోయినా, దద్దుర్లతో పాటు వాంతులు మొదలైనా, ఎపినెఫ్రిన్ ఇంజెక్షన్ తొడ బయటివైపు మధ్యలో వెంటనే ఇచ్చెయ్యాలి, ఆ తర్వాతే అంబులెన్స్‌కి ఫోన్. కిలో బరువుకి 0.01 మిల్లీగ్రాము లెక్కన డోసు డాక్టరే ముందుగా రాసిస్తారు, ముందే మందు నింపి ఉండే ఇంజెక్షన్ పెన్‌లు అయితే 0.15, 0.3 మిల్లీగ్రాములవి ఎక్కువగా వాడతారు.

అలర్జీ సిరప్ ఇచ్చి ఆగి చూద్దాం అనే ఆలోచన చాలా ప్రమాదం, ఆ సిరప్ దురద తగ్గిస్తుందే కానీ మూసుకుపోతున్న గొంతుని తెరవలేదు, పడిపోతున్న బీపీని ఆపలేదు. ఇంజెక్షన్ ఇచ్చాక బిడ్డని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తి పెట్టండి, ఆయాసం ఎక్కువుంటే కూర్చోనివ్వండి, లేపి నడిపించొద్దు. తగ్గిపోయినట్టు కనిపించినా ఆస్పత్రికి వెళ్ళాల్సిందే, కొన్ని గంటల తర్వాత మళ్ళీ తిరగబడే అవకాశం ఉంది.

దద్దుర్లు లేవు కానీ రోజూ కడుపునొప్పి అంటోంది, బడి ఎగ్గొట్టడానికేమో?

అలా కొట్టిపారేయకండి. ఈ ట్రీట్‌మెంట్‌లో ఉన్న కొద్దిమంది పిల్లలకి, నూటికి ఇద్దరు ముగ్గురికి అనుకోండి, అన్నవాహికలో ఇసినోఫిల్స్ చేరి వాపు వస్తుంది. ముద్ద దిగట్లేదు అనడం, తిండి దగ్గర చాలాసేపు కూర్చోవడం, మాటిమాటికీ వాంతి, బరువు పెరగకపోవడం దాని గుర్తులు. చాలామందికి పాలు ఆపితే తగ్గుతుంది, కానీ చెప్తేనే కదా డాక్టరుకి తెలిసేది.

తాగనని మొండికేస్తున్నాడు, ఏం చెయ్యను?

పుట్టినప్పటినుంచి "పాలు ముట్టుకోకు, ప్రమాదం" అని మనమే నేర్పాం, ఇప్పుడు మనమే గ్లాసు పట్టుకుని నిలబడితే వాడికి ఎలా ఉంటుందో ఆలోచించండి. అది మొండితనం కన్నా భయం. పైగా కొంతమంది పిల్లలకి పాల వాసనకే కడుపులో తిప్పుతుంది. పడే జ్యూస్‌లోనో, పండు గుజ్జులోనో కలపొచ్చా అని క్లినిక్‌ని అడగండి, వేడి వేడి వాటిలో మాత్రం సొంతంగా కలపకండి, వేడితో ప్రోటీన్ మారితే డోసు లెక్క తప్పుతుంది. ముక్కు మూసి పట్టడం, మోసం చేసి తినిపించడం చెయ్యొద్దు, ఒకసారి నమ్మకం పోయిందంటే "గొంతులో ఏదోలా ఉంది" అని చెప్పడం కూడా మానేస్తాడు. మా వాడికి సిరంజి తనే పట్టుకుని తనే నొక్కుకోవడం అలవాటు చేశాకే గొడవ తగ్గింది.

చివరికి పూర్తిగా నయమైపోతుందా?

ఇక్కడ రెండు మాటలు వేరుగా అర్థం చేసుకోవాలి. రోజూ డోసు తీసుకుంటున్నంతకాలం ఎక్కువ పాలు తట్టుకోవడం ఒకటి, దాన్ని డీసెన్సిటైజేషన్ అంటారు. కొన్ని వారాలో నెలలో పూర్తిగా ఆపేసినా తట్టుకోవడం ఇంకొకటి, అది తక్కువమందికే వస్తుంది.

2008లో ఇటలీలో ఐదేళ్ళు దాటిన, తీవ్రమైన అలర్జీ ఉన్న 60 మంది పిల్లల్లో 30 మందికి ఈ ట్రీట్‌మెంట్ ఇచ్చారు. ఏడాది తర్వాత 36 శాతం మంది రోజుకి 150 ఎమ్మెల్, అంతకన్నా ఎక్కువ తాగగలిగారు, 54 శాతం మంది 5 నుంచి 150 ఎమ్మెల్ మధ్యలో ఆగారు, 10 శాతం మందికి రియాక్షన్ల వల్ల ఆపేయాల్సి వచ్చింది. ట్రీట్‌మెంట్ ఇవ్వని 30 మందిలో ఒక్కరికీ మార్పు లేదు. 2012లో వచ్చిన ఇంకో స్టడీలో డీసెన్సిటైజ్ అయిన 15 మందిని ఆరు వారాలు పాలు ఆపి చూస్తే 6 మందికి అలర్జీ తిరిగొచ్చింది, అందులో ఇద్దరికి వారానికే. వారం అండీ. అందుకే పెద్ద గ్లాసు తాగేస్తున్నాడు కదా అని సెలవుల్లో డోసు వదిలెయ్యొద్దు.

ఆ మధ్యలో ఆగిన 54 శాతాన్ని తక్కువ చేసి చూడకండి. ఎవరో తెలియక పాలు కలిసిన ముక్క పెడితే ప్రాణం మీదకి రాకుండా ఉండటం, అదొక్కటే లక్ష్యంగా పెట్టుకుని మొదలుపెట్టే ఇళ్ళు చాలా ఉన్నాయి, మాదీ అంతే.

ఆవు పాలు మానేసి మేక పాలు, గేదె పాలు ఇవ్వొచ్చా?

వద్దు. ప్రోటీన్లు బాగా దగ్గరగా ఉంటాయి, ఆవు పాలు పడని పిల్లల్లో పదిమందిలో తొమ్మిది మందికి మేక పాలు కూడా పడవు. గేదె పాలకీ, గొర్రె పాలకీ ఇదే మాట.

ఇంజెక్షన్‌తో ఫుడ్ అలర్జీ తగ్గుతుందని విన్నాం, అదేంటి?

ఒమాలిజుమాబ్. ఐజీఈని పట్టుకుని కట్టేసే మందు, ఆస్తమాకి ఎప్పటినుంచో వాడుతున్నారు. 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ ఏడాది దాటిన వాళ్ళకి ఫుడ్ అలర్జీలో, పొరపాటున తిన్నప్పుడు రియాక్షన్ తగ్గించడానికి అనుమతి ఇచ్చింది. అది వేసుకున్నంతకాలమే పనిచేస్తుంది, అది వేసుకుంటూ కూడా పాలు మానే ఉండాలి. పాల ఇమ్యునోథెరపీతో కలిపి ఇస్తే డోసులు పెంచేటప్పుడు రియాక్షన్లు తగ్గాయని 2016లో వచ్చిన ట్రయల్ చెప్పింది, కాబట్టి తీవ్రత ఎక్కువున్న పిల్లల విషయంలో అడిగి చూడండి.

మెయింటెనెన్స్‌కి వచ్చాం, ఇంకా లేబుళ్ళు చదవాలా?

డాక్టరు ఫ్రీగా తినొచ్చు అని చెప్పేదాకా చదవాలి. కేసినేట్, వే పౌడర్, లాక్టాల్‌బ్యుమిన్, నెయ్యి, వెన్న, ఏ పేరుతో ఉన్నా పాలే. మందుల సంగతి కూడా చూసుకోండి, కొన్ని పొడి ఇన్హేలర్లలో, 40 మిల్లీగ్రాముల మిథైల్‌ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని రకాల్లో ఆవు పాల నుంచి తీసిన లాక్టోజ్ ఉంటుంది, అందులో ప్రోటీన్ ఆనవాళ్ళు ఉండొచ్చు. ఆ ఇంజెక్షన్ అలర్జీ రియాక్షన్‌కే ఇస్తుంటారు కాబట్టి ఎమర్జెన్సీలో "పాల అలర్జీ" అని ముందే గట్టిగా చెప్పండి. స్కూల్‌కి కూడా ప్లాన్ కాగితం, ఇంజెక్షన్ రెండూ ఇచ్చి ఉంచాలి.

మధ్యలో ఆపేస్తే?

ఆపొచ్చు. రియాక్షన్లు తరచుగా వస్తుంటే, బిడ్డ రోజంతా ఆ డోసు గురించే భయపడుతుంటే, ఇంట్లో మీకే చేతకాని పరిస్థితి వస్తే, ఆపడం కూడా ఒక నిర్ణయమే, చాలామంది ఆపారు, కొంతమంది ఒకటి రెండేళ్ళ తర్వాత మళ్ళీ మొదలుపెట్టారు. కానీ మీ అంతట మీరు మానేసి ఊరుకోవద్దు. క్లినిక్‌కి చెప్పండి, ఆ రోజు నుంచి మళ్ళీ పాలు పూర్తిగా బంద్, ఇంట్లో వాళ్ళందరికీ, స్కూల్‌కీ ఆ మాట చెప్పండి, ఎందుకంటే వాళ్ళు ఇంకా "ఇప్పుడు వాడు తాగుతున్నాడు కదా" అనే అనుకుంటుంటారు. ఇంజెక్షన్ బ్యాగులోంచి తియ్యకండి, ఎక్స్‌పైరీ తేదీ ఒకసారి చూసుకోండి.